పోయిన బుధవారం స్థిరపడిన లేఖనాలు

పుట్టిన తేదీ లేని పుస్తకాన్ని సర్కారు గుర్తింపు పొందిన ఏ విద్యాలయంలోనూ బోధించరాదని ఉత్తర్వు వెలువడే నాటికి మా హెబ్రీ తరగతి కీర్తనల సంపుటిలో సగం దాటింది.

ఆ ఉత్తర్వును తప్పుపట్టడానికి వీల్లేదు. అంతకు ముందు కొన్నేళ్లుగా రాష్ట్రంలో ప్రాచీనతాజ్వరం ప్రబలి ఉంది. ప్రతి ఊరూ తన కవిని పక్క ఊరి కవి కంటే పెద్దవాణ్ణి చేయడానికి నడుం కట్టింది. నా ఎరుకలోనే ఒక శతకకర్త ఒక్క సభలో మూడు వందల ఏళ్లు పెరిగాడు. జ్యోతి ప్రజ్వలనం వేళకు ఆయన నవాబుల కాలంవాడు. వందన సమర్పణ వేళకు రెడ్డిరాజుల కొలువులో పద్యం చదువుతున్నాడు. ఈ అరాచకాన్ని అరికట్టడానికే గ్రంథ వయోనిర్ధారణ మండలి ఏర్పడింది. ఇకమీదట ప్రతి గ్రంథానికీ రచన జరిగిన తేదీ ఒకటి, పాఠం స్థిరపడిన తేదీ ఒకటి నమోదు కావాలి. ఉగాదిలోగా నమోదు కానిది బోధనకు అర్హం కాదు. పుట్టిన తేదీ చెప్పనిదే పసివాణ్ణి బడిలో చేర్చుకోరు. పుస్తకానికి మాత్రం మినహాయింపు ఎందుకు?

మా పట్టణపు దైవశాస్త్ర కళాశాలలో హెబ్రీ శాఖ అంటే ఒక గది, ఒక నల్లబల్ల, నిరీక్షణమ్మ గారు. ఈ చుట్టుపక్కల ఆ భాష చెప్పే మనిషి మరొకరు లేరు. విద్యార్థులలో పాదిరి చదువు చదివే యువకులు ఇద్దరు, కాన్పుల వార్డులో నర్సుగా చేసి విశ్రాంతి తీసుకున్న మార్తమ్మ, నేను. నేను జీవితమంతా బడిలో పద్యం చెప్పి, చర్చి సంఘంలో పెద్దగా కూర్చున్నవాణ్ణి. తల్లి ఒడిలో తెలుగులో విన్న కీర్తనలను అవి పుట్టిన భాషలో ఒక్కసారి చివరిదాకా చదవాలన్నది నాకు మిగిలిన కోరిక. నా ఎడమ కన్ను ఇప్పటికే సెలవు పుచ్చుకుంది. కుడి కన్ను కూడా దరఖాస్తు పెట్టుకుందని వైద్యుడు చెప్పాడు.

"చివరిదాకా చేరుస్తాను మాష్టారూ," అని నిరీక్షణమ్మ గారు మాట ఇచ్చారు. ఉగాదికి తరగతి మూతపడితే ఆమెను ఎక్కడో మన్యం అంచున ఉన్న కళాశాలకు నైతిక విలువలు బోధించడానికి బదిలీ చేస్తారట. అందుచేత ఆమె, నేను, మార్తమ్మ కలిసి మండలి కార్యాలయానికి వెళ్లాం.

సభ్య కార్యదర్శి దండమూడి గోవర్ధనం గారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు. ఆయన మాట్లాడితే ఎవరో పక్కన కూర్చుని టైపు చేస్తున్నట్లుండేది.

"ఒక గ్రంథము, ఒక తేదీ. ఇది మండలివారి మౌలిక విధానము. తమరి గ్రంథము యొక్క తేదీ తెలియజేయవలసినదిగా కోరడమైనది."

"అయ్యా, ఇది పేరుకు ఒక పుస్తకం గానీ నిజానికి ఒక గ్రంథాలయం లాంటిదండీ," అన్నారు నిరీక్షణమ్మ గారు. "కొన్ని పాటలు రాయకముందే నోటిమీద ఉన్నాయి. తర్వాత ఎవరో రాశారు. రాసినవాటికి ఇంకెవరో చేర్చారు. కీర్తనలు పోగుపడటానికే కొన్ని వందల ఏళ్లు పట్టిందంటారు. ఒక ప్రవక్త పేరనున్న పుస్తకంలో రెండు మూడు కాలాల గొంతులు వినపడుతున్నాయని చాలామంది పండితుల మాట. కాదు, ఒక్కరే రాశారని నమ్మేవాళ్లూ ఉన్నారు."

"అనగా కవలలా?"

"మొదటి గొంతుకీ రెండో గొంతుకీ మధ్య నూటయాభై ఏళ్లుంటాయంటారండీ."

గోవర్ధనం గారు నియమావళి తిరగేశారు. "కవలల నడుమ అంత వ్యవధికి అవకాశము కల్పింపబడలేదు. సరే, ఆలస్యపు నమోదు కింద తీసుకుందాము. పుట్టుకను కళ్లారా చూసినవారు ఇద్దరు సంతకము చేయవలెను."

మార్తమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఈ ఊళ్లో సగం మందిని ఈ చేతులతో నేనే తీశా సార్. ఆ కాన్పుకి మాత్రం నాకు డ్యూటీ వెయ్యలా."

ఆయన ఆ విషయం కూడా రాసుకున్నారు. తర్వాత మేమిచ్చిన నమూనా పుటను వెలుతురుకు పెట్టి చూసి, అక్షరాల కింద ఆ చుక్కలేమిటని అడిగారు. అవి అచ్చుల గుర్తులనీ, మొదట్లో హల్లులే రాసేవారనీ, చుక్కలు ఎన్నో శతాబ్దాల తర్వాత పండితులు పెట్టారనీ నిరీక్షణమ్మ గారు చెప్పారు. గోవర్ధనం గారి ముఖం మొదటిసారి రంగు మారింది.

"గుడి, కొమ్ము, తలకట్టు లేని పుస్తకమును అన్ని శతాబ్దాలు వాడినారా? ఎట్లు చదివినారు?"

"పెద్దల నోట విని నేర్చుకున్నారండీ."

"పైకప్పు వేయని ఇంటికి పూర్తయినట్లు ధ్రువపత్రము ఇవ్వజాలము. అయినను మండలి కఠినమైనది కాదు. తమరు చెప్పుచున్న తేదీలన్నియు కూడి, సరాసరి తీయుదము."

ఆ సరాసరి తేదీ మా ఇళ్లకు రిజిస్టరు తపాలాలో వచ్చింది. ఆ లెక్క ప్రకారం హెబ్రీ లేఖనాలన్నీ యెరూషలేము పతనానికి కొంచెం ముందు, ఒకే సంవత్సరంలో పుట్టాయి. ఆ పట్టణం కూలడం, జనాన్ని బబులోనుకు చెరపట్టుకుపోవడం, కొన్ని తరాల తర్వాత వాళ్లు తిరిగి రావడం, ఇవన్నీ ఆ తేదీ తర్వాతి సంగతులు. కాబట్టి ఆ ప్రస్తావన ఉన్న భాగాలన్నీ 'తేదీని అతిక్రమించిన సమాచారం' కింద బోధన నుంచి నిలుపుదల చేయబడ్డాయి. లేఖనాలలో సుమారు సగం నిలుపుదలలో పడింది.

మళ్లీ వెళ్లాం.

"చెరలో ఉన్నవాళ్లు పరదేశపు కాలువల పక్కన కూర్చుని ఏడ్చిన కీర్తన ఒకటుందండీ," అన్నారు నిరీక్షణమ్మ గారు. ఆమె గొంతులో అలసట తెలుస్తోంది. "మేం చేరబోయేది అక్కడికే. దాన్ని కూడా తీసేశారు."

"ఇంకను పోని చోట కూర్చుండి ఎట్లు ఏడ్చుదురమ్మా?"

"జరగబోయేది ముందే చెప్పిన ప్రవచనం అనుకోవచ్చు గదా," అన్నాను నేను. ఆ పాట ప్రవచనం కాదని నాకు తెలుసు. కానీ ఆ కార్యాలయంలో కూర్చున్న కాసేపటికే మనిషి ఆలోచన దాని దారిన పోతుంది.

గోవర్ధనం గారు ఉత్సాహపడ్డారు. ప్రవచనాలకు ప్రత్యేక విభాగం ఉందట. రాబోవు సంగతిని ముందుగా ప్రకటించడానికి అధికారం ఇచ్చినవారి సంతకం జతపరిస్తే చాలునట.

"ఆయన చేవ్రాలు ఆకాశం మీద ఉంటుందని మా నమ్మకం," అన్నారు నిరీక్షణమ్మ గారు.

"ఆకాశమును దస్త్రమునకు జతపరచుట సాధ్యము కాదు. ధ్రువీకరించిన నకలు ఉన్నచో తేగలరు."

ఇక మిగిలింది అధ్యక్షులవారు. చెన్నాప్రగడ త్రిలోచనరావు నా దగ్గర పద్యం చదువుకున్నవాడు. తెలుగు పరీక్షలో కవికాలాదులు అని ఒక ప్రశ్న ఉంటుంది. కవి ఏ శతాబ్దంవాడు, తండ్రి ఎవరు, కృతిభర్త ఎవరు అని రాయాలి. త్రిలోచనరావు పద్యం ఖాళీగా వదిలి, తాత్పర్యం ఖాళీగా వదిలి, కవికాలాదులు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో అదనపు కాగితం తీసుకుని రాసేవాడు. కవి పుట్టినట్టు, పోయినట్టు అతనికి రూఢిగా తెలుసు. మధ్యలో ఏం చేశాడన్నది అతను ఏనాడూ అడగలేదు. అటువంటివాడు మండలికి అధ్యక్షుడు కావడంలో వింత లేదు.

నన్ను చూడగానే లేచి వచ్చి కాళ్లకు నమస్కరించాడు.

"కూర్చోండి గురువుగారూ. మీరు నేర్పిన కవికాలాదులే నాకు అన్నం పెడుతున్నాయి. చెప్పండి, ఏం కావాలి?"

చెప్పాను. శ్రద్ధగా విని, సరాసరి తేదీని అక్కడికక్కడే రద్దు చేశాడు. "పుట్టుక సంగతి పక్కన పెడదాం. స్థిరపడిన తేదీ ఉంటే చాలని నాకు అధికారం ఉంది. ఈ పుస్తకాలే లేఖనాలు, మిగిలినవి కావు అని ఏ సభలో తేల్చారు?"

"ఏ సభలోనూ కాదు నాయనా. ఒక పట్టణంలో పెద్దలు కూడి తేల్చారని ఒకప్పుడు అనేవారు. దానికి గట్టి ఆధారం లేదని ఇప్పుడంటున్నారు. జనం చదువుతూ పోయారు, పాడుతూ పోయారు, పిల్లలకు నేర్పుతూ పోయారు. చదివినవి నిలిచాయి. చదవనివి జారిపోయాయి."

"తీర్మానం?"

"లేదు."

"హాజరైనవారి సంతకాలు?"

"లేవు."

త్రిలోచనరావు బల్లమీది గాజుబిళ్లను పక్కకు జరిపాడు. అతని ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "నా ఉద్యోగంలో ఎన్నో సమావేశాలు చూశాను గురువుగారూ. సమావేశం జరిగినా విషయం తేలకపోవడం చూశాను. సమావేశం లేకుండా తేలడం మాత్రం చూడలేదు. అంటే ఏంటి? మీ లేఖనాలు ఇంతవరకూ స్థిరపడనే లేదు." తర్వాత నా చేయి పట్టుకున్నాడు. "ఇన్ని శతాబ్దాలుగా ఎవరూ పట్టించుకోలేదు. పాపం. మీరు బెంగపెట్టుకోకండి. బుధవారం మనమే స్థిరపరుద్దాం."

అతని మనసులో కపటం లేదు. ఉంటే ఏదైనా చేయగలిగేవాళ్లం.

బుధవారం సమావేశానికి సభ్యులు పూర్తి సంఖ్యలో వచ్చారు. బలుల గ్రంథంలో పశువుల ప్రస్తావన అధికంగా ఉండటంచేత పశుసంవర్ధక శాఖ నుంచి ఒక ప్రతినిధిని రప్పించారు. ఆయన చీలిన గిట్టలు, నెమరువేత గురించిన అధ్యాయం చదివించుకుని, శాఖాపరంగా అభ్యంతరం లేదని చెప్పి, మిరపకాయ బజ్జీల పళ్లెం దగ్గరకు జరిపించుకున్నారు. జలప్రళయాన్ని నీటిపారుదల శాఖ అభిప్రాయానికి పంపుదామని ఒకరన్నారు. వాళ్ల దగ్గరకు పోతే నీళ్లు ఎప్పటికీ తియ్యవని మరొకరనడంతో విరమించుకున్నారు. వంశావళులు దీర్ఘంగా ఉన్నాయని, వారసులకే పరిమితం చేయాలని సూచన వచ్చింది.

ప్రేమగీతాల పుస్తకం దగ్గర చర్చ వేడెక్కింది.

"ఇందులో భక్తి ఎక్కడుందండీ? ఆ పిల్ల వాణ్ణి వెతుక్కుంటా వీధులెంట తిరుగుతాంటే," అన్నారు ఒక సభ్యులు.

"దేవుడి పేరే లేని పుస్తకం ఇంకోటుంది, చూడండి. రాణిగారి కథ," అన్నారు ఆయన పక్కనున్నవారు.

రెండింటినీ ఉపసంఘానికి పంపుదామా, వద్దా అని చేతులెత్తించారు. న్యాయంగా చెప్పాలంటే ఈ రెండు సందేహాలూ పూర్వకాలపు పెద్దలకు కూడా కలిగాయని చదివాను. వాళ్లు వాటితో తరాల తరబడి పెనుగులాడారు. మా సభ్యులు బజ్జీలు చల్లారేలోపు పూర్తి చేశారు. నిరీక్షణమ్మ గారు గోడవైపు కుర్చీలో కూర్చుని, చేతిలోని పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఉన్నారు. రద్దీ బస్సులో పసిపిల్లను అలా పట్టుకుంటారు.

హెబ్రీ లేఖనాలు స్థిరపడినట్లు ఏకగ్రీవంగా తీర్మానించారు. త్రిలోచనరావు నాకు శాలువా కప్పాడు. ఫొటో తీశారు.

తరువాతి వారం ఉత్తర్వు వచ్చింది. దాని తర్కంలో ఎక్కడా దోషం లేదు. లేఖనాలు పోయిన బుధవారం స్థిరపడినవి గనుక అవి ప్రాచీన గ్రంథాల కిందికి రావు. ప్రాచీన గ్రంథం లేని భాషకు ప్రాచీన భాషల శాఖ అవసరం లేదు. కావున హెబ్రీ తరగతి మూసివేయవలసినది. పోయిన బుధవారానికి పూర్వం ఆ గ్రంథం ఉనికిలో లేదు గనుక, ఉనికిలో లేని గ్రంథాన్ని ఇన్నేళ్లుగా బోధించినందుకు నిరీక్షణమ్మ గారు సంజాయిషీ ఇచ్చుకోవలసినది. ఆధునిక రచనగా తిరిగి నమోదు చేయగోరినట్లయితే రచయిత రెండు ఛాయాచిత్రాలతో స్వయముగా హాజరు కావలసినది.

ఉత్తర్వు అందించడానికి గోవర్ధనం గారే వచ్చారు. చివరి వాక్యం విని మార్తమ్మ తల ఊపింది.

"ఆయన వస్తానన్నాళ్లే సార్. తేదీ మాత్రం ఎవరికీ చెప్పలా."

గోవర్ధనం గారు 'తేదీ తరువాత తెలియజేయబడును' అని రాసుకున్నారు.

నిరీక్షణమ్మ గారు సంజాయిషీ ఒక్క వాక్యంలో ఇచ్చారు. ఉనికిలో లేని గ్రంథాన్ని బోధించిన మాట వాస్తవమనీ, విద్యార్థులు మాత్రం దానిని కంఠస్థం చేశారనీ రాశారు. గది తాళం కార్యాలయంలో ఇచ్చి వచ్చి, మెట్లమీద నా పక్కన కూర్చున్నారు.

"చేరుస్తానని మాట ఇచ్చాను మాష్టారూ."

"ఇచ్చావమ్మా. ఇంకా ఎంత దూరం?"

"మూడో వంతు ఉంది."

"ఇక్కడ వెలుతురు బాగానే ఉంది కదా," అన్నాను.

ఆమె కాసేపు నా కుడి కన్ను వైపు చూసి, పుస్తకం తెరిచారు. మార్తమ్మ వచ్చి కింది మెట్టు మీద చతికిలబడింది. యువకులిద్దరూ సైకిళ్లు ఆపి నిలబడ్డారు. ఆనాడు ఆ మెట్లమీద చదివిన కీర్తన ఏదో నాకు గుర్తుంది గానీ, అది తరగతి మూతపడిన తర్వాత జరిగిన మొదటి పాఠమో, మూతపడకముందు జరిగిన చివరి పాఠమో చెప్పలేను. మెట్లమీద అభ్యంతరం చెబితే సైకిళ్ల పాకలోకి మారాం. అక్కడ వాన కురిస్తే మార్తమ్మ ఇంటి వసారాలోకి మారాం.

చిక్కు అక్కడే వచ్చింది. నిరీక్షణమ్మ గారి బదిలీ ఉత్తర్వు జారీ కావాలంటే తరగతి మూతపడిన తేదీ దస్త్రంలో నమోదు కావాలి. గదికి తాళం పడిన తేదీ ఉంది. కానీ మండలి నియమం ప్రకారం తరగతి అంటే గది కాదు, పాఠం. ఆ నియమాన్ని గోవర్ధనం గారే రాశారు. తేదీ నిర్ధారణ కాని విషయం మీద ఎటువంటి చర్యా తీసుకోరాదన్న నియమమూ ఆయనదే.

ఒకనాటి సాయంత్రం ఆయన వసారాలోకి వచ్చి నిలబడ్డారు.

"ఈ పాఠము ఎన్నడు సమాప్తమగును?"

"చివరి కీర్తన చదివాకండీ," అన్నారు నిరీక్షణమ్మ గారు.

"అప్పటివరకు హాజరుండి తేదీ నమోదు చేయుట నా విధి."

"అయితే కూచోండి సార్," అని మార్తమ్మ పీట జరిపింది. "చెప్పులు బయట ఇడవండి. కాఫీయా, టీయా?"

ఆయన చేతికి ఒక పుస్తకం ఇచ్చాం. మన పుస్తకంలాగా ఎడమవైపు నుంచి తెరిచి, పైనున్న పుట చూసి, "అయితే ఇది ప్రారంభమన్నమాట," అన్నారు. హెబ్రీ కుడి నుంచి ఎడమకు నడుస్తుందని, ఆయన చూస్తున్నది ముగింపని యువకులు చెప్పారు. ఆయన సిగ్గుపడకుండా పుస్తకం తిప్పుకున్నారు.

ప్రతి సాయంత్రం క్రమం తప్పక వచ్చారు. కలం జేబులోనే సిద్ధంగా ఉండేది. కాలువల పక్కన కూర్చుని ఏడ్చినవారి పాట చదివిన రోజున ఆయన అడ్డు చెప్పలేదు. అది ఏ ఏటి పాటో అడగనూ లేదు. కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. వెళ్తూ వెళ్తూ, "వాళ్లు మళ్లీ ఇంటికి చేరారా అమ్మా?" అని అడిగారు. ఆయన ఇంటి భాషలో మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"చేరారండీ. అందరూ కాదు," అన్నారు నిరీక్షణమ్మ గారు.

ఈలోగా నా కుడి కన్ను దరఖాస్తు మంజూరవుతూ వచ్చింది. ముందు అక్షరాల కింది చుక్కలు మాయమయ్యాయి. హల్లులు మాత్రం నల్లగా, పెద్దగా నిలిచాయి. నిరీక్షణమ్మ గారి నోట అచ్చులు విని హల్లులకు తొడుగుతూ చదివాను. చుక్కలు పుట్టకముందు కూర్చున్నవాళ్లు ఇలాగే చదివి ఉంటారు. తర్వాత హల్లులు కూడా బూడిదరంగు గీతలయ్యాయి. అప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని విన్నది తిరిగి చెప్పాను. రాత రాకముందు పాడినవాళ్ల దాకా వెనక్కి పోయానన్నమాట. మండలివారు ఆ తేదీ అడిగితే ఇప్పుడు చెప్పగలను.

చివరి కీర్తన వచ్చింది. అది స్తుతి తప్ప మరేమీ లేని పాట. తంతులు, తాళాలు, పిల్లనగ్రోవులు అన్నీ మోగుతాయి. మార్తమ్మ ముందుగా అందుకుంది. చివరి పదం మీద అందరి గొంతులూ కలిసి ఆగాయి. నా గొంతు కూడా అందులో ఉంది.

నా పక్కన కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. "నేటి తేదీ..." అని గోవర్ధనం గారు మెల్లగా అనుకుంటున్నారు.

ఎదురుగా పుటలన్నీ ఒక్కసారి మొదటికి తిరిగిన చప్పుడైంది.

"మొదటి కీర్తన," అన్నారు నిరీక్షణమ్మ గారు.

మార్తమ్మ ముక్కు తుడుచుకుంది. తర్వాత నా పక్కన కలం మూత పడింది. ఆ వెంటనే అదే పక్కనుంచి మరో పుస్తకం తెరుచుకున్న చప్పుడు వచ్చింది. ఈసారి కుడివైపు నుంచే.